ఎడమ చేతి మిరపకాయలు

ఆ శుక్రవారం పొద్దున మా ఆవిడ ఎంబ్రాయిడరీ మిషన్ పక్కన ఒక పట్టు ముక్క మడతపెట్టి ఉంది. రవిక కుడి చెయ్యి. దాని నిండా మిరపకాయలు. ఎడమ చెయ్యి ఇంకా కుట్టాలి. మా ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుండే వాళ్ళమ్మాయి పెళ్లి రవిక అది. పెళ్లి వచ్చే వారమే, కనిగిరిలో.

రవికల మీద అందరూ మామిడి పిందెలో నెమళ్ళో అడుగుతారు. పెళ్లికూతురి తల్లి గుంటూరు మిర్చి యార్డులో పనిచేస్తుంది. ఆవిడ మాత్రం మిరపకాయలు కావాలంది. "దాని చదువు, ఈ అద్దె, రేపు పెళ్లి, అన్నీ ఆ కాయల మీదే కదా వదినా నడిచేది. నెమలి మాకేం పెట్టింది?" అంది. మా ఆవిడ నవ్వి ఒప్పుకుంది. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక కొమ్మ గీసింది. కొమ్మకి వేలాడే కాయలు, మధ్య మధ్య చిన్న తెల్లపూలు.

ఈ మిషన్ కాలితో తొక్కే మిషన్ కాదు. కంప్యూటర్‌లో బొమ్మ గీసి, ఏ రంగు దారం ఎటు నడవాలో చెప్పి, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మిషన్‌కి తగిలిస్తే అదే కుట్టుకుపోతుంది. చాలామంది డిజైన్లు కొనుక్కుంటారు. మా ఆవిడ తనే గీసుకుంటుంది. అలా కొన్నేళ్ళుగా గీసినవన్నీ మా ఇంటి కంప్యూటర్‌లో, డి డ్రైవ్‌లో ఉండేవి. నేను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. ఆ సంగతి అప్పట్లో నాకు తప్పుగా తోచలేదు.

మాది దూది ఏకే కుటుంబం. మా నాన్న పరుపులు కుట్టేవాడు. ఆమె పుట్టింటివాళ్ళదీ అదే పని. నేను మాత్రం దుకాణం వదిలేసి ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేరాను. రైతులు దాచుకునే మిర్చి టిక్కీలు ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్ళాయి అని కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. టిక్కీ అంటే మిర్చి కుక్కిన గోనె బస్తా. ఆ ఉద్యోగంతో మా చుట్టాల్లో నాకు కంప్యూటర్ తెలిసినవాడినని పేరొచ్చింది. ఎవరింట్లో ప్రింటర్ ఆగినా నాకే ఫోన్. నాకు తెలిసింది తక్కువ. కానీ తెలియదు అనే మాట నా నోట రావడం మానేసి చాలా కాలమైంది.

ఆమె డిజైన్లు గీసే ప్రోగ్రామ్ కొన్నాళ్ళుగా ఏదో హెచ్చరిక చూపిస్తోంది. పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఇక పనిచేయను, కొత్తది వేయించుకోమని. "బ్రాడీపేటలో షాపుకి ఇద్దామండీ, వాళ్ళయితే సాయంత్రానికి ఇచ్చేస్తారు" అంది ఆమె.

"ఇంత చిన్నదానికి షాపెందుకు? నమాజుకి వెళ్ళేలోపు వేసి పడేస్తాను" అన్నాను. శుక్రవారాలు నేను సాయంత్రం పూటే పనికి వెళ్తాను.

"పెళ్లయ్యాక చేద్దామా పోనీ? ఎడమ చెయ్యి మిగిలి ఉంది."

"కొత్తది పడితే ఎడమ చెయ్యి ఇంకా త్వరగా అవుతుంది."

కొత్త సిస్టమ్‌ని ముందు ఒక పెన్‌డ్రైవ్‌లోకి దించి, దాని మీంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఇంట్లో ఉన్నది మిషన్‌కి వాడే పెన్‌డ్రైవ్ ఒక్కటే. అది అడిగితే ఆమె ఇవ్వడానికి తటపటాయించింది.

"ఇందులో చెయ్యి డిజైన్ ఉంది."

"కంప్యూటర్‌లో ఉందిగా."

"ఉంది. మరి కంప్యూటర్‌లోవి కాపీ తీశారా?"

"తీశాను."

తీసింది నా కాగితాలు, పిల్లల ఫోటోలు. వాటిని నా ఫోన్‌లోకి పంపుకున్నాను. ఆమె డి డ్రైవ్‌ని ముట్టుకునే పని లేదు కదా, మళ్ళీ దానికి కాపీ ఎందుకు అని బద్ధకించాను. ఆ వివరం చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. తీశాను అంటే మాట ముగిసిపోతుంది. ఆమె పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెన్‌డ్రైవ్ చెరిపి కొత్త సిస్టమ్‌ దించాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. భాష అడిగింది, చెప్పాను. ఏ డ్రైవ్‌లో వేయాలి అని అడిగింది, సి చూపించాను. ఈ డిస్క్ పాత పద్ధతిలో విభజించి ఉంది, ఇందులో వేయడం కుదరదు అని ఒక వాక్యం వచ్చింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాను. అదే వాక్యం. సి ని చెరిపాను. అదే వాక్యం. ఫోన్‌లో వెతికితే ఎవరో చెప్పారు, డిస్క్ మీద ఉన్న భాగాలన్నీ తీసేస్తే సరిపోతుందని. ఆ ముక్క పక్కనే, ముందు కాపీ తీసుకోండి అని కూడా ఉంది. అప్పటికే నాకు పట్టుదల వచ్చేసింది. స్నానం చేయాలి, నమాజుకి టైమవుతోంది. డి మీద నొక్కాను. నిజంగా తీసేయమంటావా అని అడిగింది. తీసేయమన్నాను.

తెర మీద ఒక్క గీత మిగిలింది. ఖాళీ స్థలం అని.

ఎడమ చెయ్యి పోయిందని నాకు అప్పుడే తెలిసింది. కానీ ఎక్కించడం మొదలుపెట్టమని నొక్కేశాను. ముందు ఇది పూర్తి కానీ, పోయినవి ఎలాగో వెనక్కి తెద్దాంలే అని నాకు నేను చెప్పుకున్నాను. నమాజుకి వెళ్ళాను. వచ్చి ఆమె వడ్డిస్తే అన్నం తిన్నాను. దోసకాయ పప్పు బాగుందని కూడా అన్నాను.

తిని వచ్చి చూస్తే తెర నల్లగా ఉంది. కంప్యూటర్ ఆగిపోయి ఉంది. మళ్ళీ పెట్టాను. ఫైళ్ళు ఎక్కుతున్నాయని అంకె పెరుగుతూ వచ్చింది. సగం దాటింది, ఇక అవుతుందనుకునేసరికి టప్పుమని ఆరిపోయింది. మళ్ళీ పెట్టాను. ఈసారి ఇంకా ముందే ఆగింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా ఇళ్ళల్లో ఏది చప్పుడు చేసినా, ఏది కదిలినా దాని కింద ఇంత దూది పెడతాం. మిక్సీ కింద చిన్న పరుపు ఉంటుంది. కుట్టు మిషన్ కాళ్ళ కింద దూది బిళ్ళలు ఉంటాయి. తలుపు కొట్టుకుంటుంటే రెక్కకి దూది సంచి కడతాం. అది మా చేతులకి అలవాటు, ఆలోచించి చేసేది కాదు. పోయిన వేసవిలో మా ఆవిడ సీపీయూకి కూడా ఒక పరుపు కుట్టింది. దిండు గలీబులాగా పైనుంచి తొడిగేది. కింద మెత్తగా ఒక పొర. ముందు బటన్ దగ్గర, వెనక వైర్ల దగ్గర కత్తిరించి అంచు కుట్టింది. చూడటానికి ముద్దుగానే ఉండేది.

నేను ఆ గలీబు తీశాను. సీపీయూ విప్పాను. లోపల ఫ్యాన్ మీద నూగులాగా దూది పేరుకుని ఉంది. దాన్ని ఉఫ్ అని ఊదితే అడుగున ఉన్న మిర్చి ధూళి లేచి తుమ్ములు పట్టుకున్నాయి. నా బట్టలకి అంటుకుని రోజూ ఇంటికి వచ్చేదే అది. మెమరీ కార్డు ఊడదీసి, దాని పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. మూత బిగించాను. తర్వాత ఆ గలీబు కూడా మళ్ళీ తొడిగాను. అది లేకపోతే బాగా రొద, నాకు చిరాకు.

తుమ్ములు విని పై పోర్షన్ ఆవిడ మెట్ల మీంచి తొంగిచూసింది. "ఏంటన్నయ్యా, ఇంట్లోనే యార్డు పెట్టారా?"

"కంప్యూటర్ బాగుచేస్తున్నారు" అంది మా ఆవిడ.

"విప్పి పరిచింది చూస్తే బాగుచేస్తున్నట్టు లేదు వదినా, పోస్టుమార్టం చేస్తున్నట్టుంది. మా ఎడమ చెయ్యి ఎప్పుడిస్తావు?"

"రేపు సాయంత్రానికి."

నేను తలెత్తలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఆగిపోయింది. మా ఆవిడ టీ పట్టుకొచ్చి వెనకాల నిలబడింది.

"మధ్యమధ్యలో ఆగిపోతోందని నేను ఎండాకాలం నుంచీ చెప్తున్నానండీ."

"నువ్వు ఏవేవో నొక్కి ఉంటావు."

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఎండాకాలం నుంచీ చెప్తోంది నిజమే. నేను ప్రతిసారీ ఇదే జవాబిచ్చాను.

చివరికి షాపుకే తీసుకెళ్దామని వైర్లు పీకి, సీపీయూని గలీబుతో సహా రెండు చేతులా ఎత్తుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళేసరికి నా రొమ్ముకి సెగ తగిలింది. చొక్కాలోంచి, దూదిలోంచి కూడా కాలుతోంది. ఆగిపోయి కాసేపయింది, అయినా అంత వేడి. అక్కడే గచ్చు మీద దించి గలీబు లాగేశాను. ముందు భాగం అడుగున గాలి లోపలికి వెళ్ళే రంధ్రాలున్నాయి. ఆ రంధ్రాలకి సరిగ్గా అడ్డంగా, మందంగా, శుభ్రంగా ఏకిన దూది.

డిజైన్లు గీసేటప్పుడు కంప్యూటర్‌కి పెద్ద పని ఉండదు. అప్పుడప్పుడు ఆగినా నెట్టుకొచ్చింది. ఇన్‌స్టాల్ చేయడానికి ఆగకుండా చాకిరీ చేయాలి. ఊపిరాడక వేడెక్కి, కాలిపోకుండా తనను తనే ఆపేసుకుంటోంది. సంగతి అదీ.

నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యంగా ఉంటుంది. తప్పు నాది కాదని దొరికిన సంతోషం అది. గలీబు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి గట్టిగా అన్నాను: "ఇదిగో, నువ్వు కుట్టిన పరుపే. పొద్దుటి నుంచీ నా ప్రాణం తీసింది ఇదే. కంప్యూటర్‌కి ఎవరైనా పరుపు కుడతారా?"

ఆమె చెయ్యి తుడుచుకుని గలీబు అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"దాని రొదకి మధ్యాహ్నం నిద్ర పట్టట్లేదన్నారు కదండీ" అంది. "పోయిన మేలో. మీకు జ్వరమొచ్చి లేచాక."

నేనన్న మాట నాకు గుర్తు లేదు. జ్వరం గుర్తుంది.

ఆమె గలీబుని మడిచి బీరువా మీద పెట్టింది. నేను వెనక్కి వచ్చి, వైర్లన్నీ తగిలించి, సీపీయూ మూత తీసేసి, దాని ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఎక్కడా ఆగలేదు. సగం దాటింది, ముప్పాతిక దాటింది. ఇన్‌స్టాల్‌లో భాగంగానే రెండుసార్లు తనే ఆగి తనే లేచింది. నీలం రంగు తెర మీద స్వాగతం అని వచ్చింది.

ఆ తెర చూసి ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. మొహం వెలిగిపోయింది. మౌస్ తను తీసుకుని అక్కడా ఇక్కడా నొక్కింది.

"నా డి ఏదండీ?"

నేను ఫ్యాన్ కేసి చూస్తున్నాను.

"మిమ్మల్నే. ఇందులో సి ఒక్కటే చూపిస్తోంది."

"పోయింది."

"ఎక్కడికి పోయింది?"

"చెరిగిపోయింది. నేనే చెరిపాను."

"కాపీ తీశానన్నారుగా."

"తియ్యలేదు."

ఆమె మౌస్ వదిలేసింది. "మర్చిపోయారా, అబద్ధం చెప్పారా?"

"అబద్ధం చెప్పాను."

"ఎప్పుడు చెరిపారు?"

"నమాజుకి వెళ్ళేముందు."

ఆమె గోడ గడియారం కేసి చూసింది. "అయితే పప్పు బాగుందన్నప్పటికే తెలుసన్నమాట."

"తెలుసు."

ఆమె ఏడిస్తే నాకు తేలికయ్యేది. తిట్టినా బాగుండేది. లేచి మిషన్ దగ్గరికి వెళ్ళి, మడతపెట్టిన కుడి చెయ్యి విప్పి వెలుతురులో పట్టుకుంది. కాయలన్నిటినీ వేలితో ఒకసారి తడిమింది. ఆ వేలు కాయ నుంచి పువ్వుకి, పువ్వు నుంచి కొమ్మకి, తను గీసినప్పటి వరసలోనే నడిచి ఉంటుందని తర్వాత అనిపించింది.

"ఆ ప్రోగ్రామ్ ఎక్కించండి. ఇది మాత్రం సరిగ్గా ఎక్కించండి" అంది.

సాయంత్రం పనికి రానని ఫోన్ చేసి చెప్పాను. పోయినవి వెనక్కి తెచ్చే ప్రోగ్రామ్ ఏదో ముందు ప్రయత్నించాను. కొన్ని దొరికాయి, కానీ తెరిస్తే దారాలన్నీ చిక్కుపడి గీతల కుప్పల్లా ఉన్నాయి. పదే పదే ఎక్కించిన కొత్త సిస్టమ్ వాటి చోటులో కూర్చుంది. మిరపకొమ్మ దొరకలేదు.

"ఫోటో తీసి, అద్దంలోలాగా తిప్పేస్తే ఎడమ చెయ్యి అయిపోదూ?" అన్నాను.

"కుట్టిన గుడ్డ లాక్కుపోయి ఉంటుందండీ. ఫోటోలో కొలత రాదు. గుడ్డ పట్టుకోండి, ముడత లేకుండా."

ఆమె చూసి గీయడం, నేను గుడ్డ పట్టుకోవడం. అలా మొదలైంది. ఒక కాయ దగ్గర ఆగి నన్ను అడిగింది: "మీరు రోజూ చూస్తారుగా. తొడిమ దగ్గర కాయ ఎటు ఒంగుతుంది?"

"నేను టిక్కీలే చూస్తాను. కాయల్ని చూడను" అన్నాను. అన్నాక ఆ మాట నాకే ఎలాగో వినిపించింది. ఆమె ఆ రోజు మొదటిసారి కొద్దిగా నవ్వింది. వెళ్ళి వంటింట్లోంచి ఒక పచ్చిమిరపకాయ తెచ్చి కీబోర్డు మీద పెట్టుకుంది.

శనివారం కుదరలేదు. ఆదివారం కూడా గీసింది. నేను గుడ్డ పట్టుకుని కూర్చుని ఆమె చేతినే చూశాను. ఒక పువ్వు గీస్తుంది, తుడిచేస్తుంది, దూరం జరిగి తల వంచి చూస్తుంది, మళ్ళీ గీస్తుంది. నేను మధ్యాహ్నాలు పక్కగదిలో పడుకుని రొద అని విసుక్కున్నది ఇది జరుగుతుండగానే. సోమవారం మిషన్ ఎడమ చెయ్యి కుట్టింది.

పెళ్లికూతురి తల్లి రెండు చేతులూ మంచం మీద పక్కపక్కన పరుచుకుని చూసింది. ఆమె కళ్ళు మహా చురుకు.

"ఎడమ చేతి పూలు కాస్త ఎక్కువ విచ్చుకున్నాయేంటి వదినా?"

"కుడి చెయ్యి కుట్టి వారమైంది కదా. ఈలోగా విచ్చుకున్నాయి" అంది మా ఆవిడ.

పెళ్లికూతురి తల్లి పకపకా నవ్వింది. "అయినా శనివారమిస్తానని సోమవారం దాకా లాగావు. నా ప్రాణాలు నాలో లేవు."

"కంప్యూటర్ పాడైంది వదినా, ఏం చేయను."

అక్కడితో అయిపోయేది. ఆమె నాకోసం దాచింది. నేను ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు.

"పాడవలేదమ్మా. నేనే చెరిపేశాను. ఆవిడ గీసినవన్నీ. కాపీ తీశానని అబద్ధం చెప్పి మరీ చెరిపాను. మీ చెయ్యి మళ్ళీ మొదటినుంచి గీసింది."

పై పోర్షన్ ఆవిడ నన్ను, మా ఆవిడని మార్చి మార్చి చూసింది. "నీకెందుకన్నయ్యా ఆ పని? టిక్కీలు లెక్కపెట్టుకోక. మా ఆయనా ఇంతే. బోరు మోటారు విప్పి చెడగొట్టి ఎలుక కొరికిందన్నాడు. ఇప్పటికీ ఎలుకేనంటాడు. నువ్వు నయం, ఎలుక మీద పెట్టలేదు."

"పరుపు మీద పెట్టారు" అంది మా ఆవిడ. ఇద్దరూ నవ్వుకున్నారు. నన్ను నవ్వమని ఎవరూ అడగలేదు.

ఆ రవిక వేసుకుని ఆ పిల్ల పెళ్లి చేసుకుంది. కానీ మిగతా డిజైన్లు పోయినవి పోయినట్టే ఉన్నాయి. ఏమేం పోయాయో చెప్పమని ఒక రోజు అడిగాను. ఆమె గుర్తున్నవి చెప్పింది. ఏ డిజైను ఎవరికి కుట్టిందో కూడా చెప్పింది. ఆ రవికలన్నీ ఎవరో ఒకరి ఇంట్లో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ అడిగి తెచ్చి, చూసి మళ్ళీ గీసుకోవచ్చు. అడిగి తేవడం నా పని అన్నాను. ఆమె కాదనలేదు.

అప్పటినుంచి సెలవు రోజుల్లో అదే తిరుగుడు. గుమ్మంలో నిలబడి, ఫలానా ఆవిడ భర్తనండీ, మీ రవిక నాలుగు రోజులు ఇస్తారా అని అడగడం మొదట్లో తల తీసేసినట్టు ఉండేది. కొందరు ఎందుకని అడుగుతారు. చెప్తాను. కొందరు నవ్వుతారు. కొందరు లోపలికి వెళ్ళి ఇంకో రవిక కూడా తెచ్చి, ఇదీ ఆవిడ కుట్టిందే, తీసుకెళ్ళండి అంటారు.

పోయిన ఆదివారం తాడేపల్లి వెళ్ళాను. ఇదివరకు మా వీధిలో ఉండి అక్కడికి మారిపోయిన ఒక టీచరమ్మ దగ్గర ఒక రవిక ఉందని మా ఆవిడ చెప్పింది. ఏ డిజైనో చెప్పలేదు. ఆ టీచరమ్మ దాన్ని పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చింది. "జాగ్రత్తండీ, మళ్ళీ నాకు తెచ్చివ్వాలి" అంది.

గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని విప్పి చూశాను. వీపు నిండా పత్తికాయలు. కొన్ని మూసుకున్నవి, కొన్ని పగిలినవి, ఒకటి పూర్తిగా విచ్చుకుని దూది బయటికి వేలాడుతున్నది. ఆ దూది దగ్గర తెల్లదారం పొర మీద పొర వేసి ఉబ్బెత్తుగా కుట్టి ఉంది. ఎప్పుడో ఒకసారి పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు మీదుగా వస్తుంటే ఒక పత్తికాయ పట్టుకురమ్మని ఆమె నన్ను అడిగింది. చాలాసార్లు అడిగాక తెచ్చి బల్ల మీద పడేశాను. ఎందుకని అడగలేదు. ఇందుకన్నమాట.

పక్క సీటులో ఒక పెద్దావిడ మెడ చాచి చూస్తోంది. "మీ అమ్మాయిదా అండీ?"

"కాదండీ. మా ఆవిడ గీసింది."

"కుట్టిందా?"

"గీసింది, కుట్టింది కూడా."

"ఏదీ, సరిగ్గా చూడనివ్వండి" అంటూ ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఒక అంచు పట్టుకుంది. బస్సు కుదుపులకి ముడత పడకుండా రెండో అంచు నేను పట్టుకున్నాను.